బ్రేకు “మెత్తగా ఉంది”, “దిగిపోతోంది”: రెండూ ఒకటేనా?

ప్రశ్న: మా పాత పికప్‌కి వెనక వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ కిట్టు మార్పించాం. బండి ఇంటికొచ్చాక చూస్తే బ్రేకు తేడాగా ఉంది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే “పెడల్ మెత్తగా ఉందా, దిగిపోతోందా, రెండో తొక్కుకి పడుతోందా?” అని అడిగాడు. మూడూ ఒకటే అనిపించి “అవును” అన్నాను. నవ్వాడు. ఈ మాటల్లో నిజంగా తేడా ఉందా?

గాజువాక నుంచి: ఉందండీ. షెడ్డులో అవి మూడు వేర్వేరు లోపాలు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ బ్రేక్ ఆయిల్‌ని పైపుల్లోకి నెడుతుంది, ఆ ఒత్తిడికి చక్రం దగ్గరి వీల్ సిలిండర్ షూలని డ్రమ్ముకి నొక్కుతుంది.

“మెత్తగా” అంటే కాలికి గట్టిగా ఎదురు తగలకుండా స్పాంజిలా అణగడం. ఆ ఆయిల్ పైపుల్లో గాలి ఉందని అర్థం. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. మీరు తొక్కిన తొక్కు కొంత ఆ బుడగలకే సరి. రిపేరులో పైపులు విప్పారు కాబట్టి మొదటి అనుమానం దీనిమీదే. గాలి తీసేటప్పుడు మామూలుగా మాస్టర్ సిలిండర్‌కి బాగా దూరంగా ఉన్న చక్రంతో మొదలెడతారు. ఒకరు పెడల్ తొక్కిపడితే ఇంకొకరు చక్రం దగ్గర గాలి వదిలే చిన్న స్క్రూ, అదే నిపుల్, వదులు చేస్తారు. నిపుల్ బిగించాకే కాలు తీయాలి, లేదంటే బయటి గాలి లోపలికి పోతుంది. ఈలోపు పైన డబ్బాలో ఆయిల్ అడుగంటితే పని మళ్ళీ మొదటికే. ఇంకోటి, చాలా పికప్‌లకి వెనక యాక్సిల్ దగ్గర లోడును బట్టి పనిచేసే వాల్వు ఉంటుంది. జాకీ మీద ఎత్తి యాక్సిల్‌ని వేలాడదీస్తే బండి ఖాళీ అనుకుని అది వెనక్కి ఆయిల్ తగ్గించేస్తుంది, గాలి సరిగ్గా రాదు. తెలిసినవాళ్ళు చక్రాల మీదే నిలబెట్టి తీస్తారు.

“దిగిపోవడం” వేరు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, పెడల్ మీద ఒకే బరువుతో కాలు పెట్టి ఆగండి. అది మెల్లగా కిందికి జారుతూ ఉంటే, బయట ఎక్కడా ఆయిల్ కారకపోతే, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు వాషర్లు (కిట్టులో వచ్చేవి ఇవే) ఆయిల్‌ని ఆపలేకపోతున్నాయన్నమాట. పాత సిలిండర్ లోపల తుప్పు పట్టి గరుకెక్కి ఉంటే కొత్త కిట్టు వేసినా నిలవదు. సిలిండర్ మొత్తం మార్చాల్సిందే. కిట్టుతో సరిపెట్టడం నాకెప్పుడూ నచ్చదు.

“రెండో తొక్కుకి పడటం” అంటే మొదటిసారి కిందిదాకా పోయి, వెంటనే మళ్ళీ తొక్కితే పైనే గట్టిపడటం. వెనక డ్రమ్ములో షూలకీ డ్రమ్ముకీ ఎడం ఎక్కువైతే ఇలా అవుతుంది. ఆ ఎడం తగ్గించే అడ్జస్టర్ తిప్పితే సరి. పైకొచ్చాక కూడా మెత్తగానే ఉంటే మాత్రం మళ్ళీ గాలే.

మర్రిపాలెం నుంచి: “గాలి తీయడం” అనకండి బాబూ! ఓసారి మెకానిక్ “నాలుగు చక్రాలకీ గాలి తీసేశాను సార్” అంటే మా నాన్నగారు టైర్లు చూడ్డానికి పరిగెత్తారు. మా పక్క షెడ్లలో టైరుకైతే గాలి, బ్రేకుకైతే ఎయిర్. ఇంగ్లిషు మాటకి ఇంత ఉపయోగం ఉంటుందని అప్పుడే తెలిసింది.

మద్దిలపాలెం నుంచి: “పట్టట్లేదు” కూడా ఉంది కదా? పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి ఆగదు.

గాజువాక నుంచి: అవును, అది నాలుగోది. వీల్ సిలిండర్ కారి షూల లైనింగుకి ఆయిల్ అంటితే పట్టదు. తొక్కడానికి కాలి బలమంతా పెట్టాల్సి వస్తుంటే, తొక్కుకి బలం కలిపే బూస్టర్ చూడాలి.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే బండెక్కి చూశాను. కాలు అలాగే ఉంచితే దిగట్లేదు. రెండో తొక్కుకి పైకొచ్చి గట్టిపడుతోంది. అయితే షూలేనా గురువుగారూ? రేపు సింహాచలం కొండకి వెళ్ళాలి.

గాజువాక నుంచి: ముందు షూలే చూపించండి. అది తేలేదాకా కొండకి మాత్రం ఈ బండి వద్దు. ఎక్కేటప్పుడు ఏం కాదు, దిగేటప్పుడే తంటా. వేడికి బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరైతే గట్టి పెడల్ కూడా మెత్తబడుతుంది. కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 అయితే 230 దాకా మరగకూడదు. తేమ పీల్చేకొద్దీ ఆ అంకె పడిపోతుంది. మన విశాఖ గాలి సంగతి తెలిసిందేగా, ఎప్పుడో మూత తీసిన డబ్బాలోది పోయనివ్వకండి. సీలున్న డబ్బా మీ ఎదురుగానే తెరవమనండి.