సోషల్ మీడియాను రియల్ టైమ్‌లో గమనిస్తే ట్రావెల్స్ కంపెనీకి నిజంగా లాభముందా?

కృష్ణలంక_కోడర్

విజయవాడ, హైదరాబాద్, బెంగళూరు మధ్య 70 బస్సులు నడిపే ట్రావెల్స్ కోసం అడుగుతున్నాను. ఎక్స్ (పాత ట్విట్టర్), ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో ఎవరు కంపెనీ పేరెత్తినా క్షణాల్లో స్క్రీన్ మీద కనబడాలని యాజమాన్యం అంటోంది. ప్రస్తుతం సగటున గంటకు రెండు ప్రస్తావనలు వస్తున్నాయి. ఇందులో డబ్బు విలువ ఎక్కడుంది? సొంతంగా కట్టుకుంటే ఎక్కడ దెబ్బతింటాం? రేపు ఈ ప్లాట్‌ఫామ్‌లు ఏపీఐ (మన ప్రోగ్రాములు వాళ్ల డేటాను తీసుకునే దారి) మూసేస్తే పరిస్థితేంటి?

నైట్‌డెస్క్

పోస్టు కనబడ్డాక మీ దగ్గర ఎవరు, ఎంతసేపట్లో, ఏం చేయగలరు? విలువంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

సెకన్లకు నిజంగా విలువున్నది షేర్ మార్కెట్లో. 2013 ఏప్రిల్ 23న వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ ట్విట్టర్ ఖాతాను హ్యాక్ చేసి, వైట్‌హౌస్‌లో పేలుళ్లు జరిగి ఒబామా గాయపడ్డారని ఒక అబద్ధం పెట్టారు. అమెరికా షేర్ సూచీ డౌ జోన్స్ నిమిషాల్లో సుమారు 140 పాయింట్లు పడి, మళ్లీ లేచింది. ఆ కాసేపట్లో కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఉన్నారు కాబట్టి అక్కడ ప్రతి సెకనుకూ ధర ఉంది.

బస్సు సంగతి వేరు. సూర్యాపేట దాటాక ఏసీ ఆగిపోయిందని ఒకరు పోస్టు పెడితే మెకానిక్కునో వేరే బస్సునో పంపడానికి ఎలాగూ ముప్పావుగంట పడుతుంది. ఆ పోస్టు మీకు ఐదు నిమిషాలు ఆలస్యంగా చేరినా పోయేదేమీ లేదు. రాత్రి 11 గంటలకు చూసేవాళ్లే లేకపోతే మాత్రం అంతా పోయినట్టే. స్లీపర్ బస్సుల ఫిర్యాదులు వచ్చేది రాత్రి 9 నుంచి ఉదయం 6 లోపు. మార్కెటింగ్ ఆఫీసు ఉండేది పగలు. కాబట్టి ముందు రాత్రి షిఫ్టుకు ఒక మనిషిని పెట్టండి. ఎవర్నీ అడక్కుండానే రీఫండ్ ఇచ్చే అధికారం, డిపో మేనేజర్‌కు ఫోన్ చేసి బస్సు పంపించే అధికారం ఆ మనిషికి ఉండాలి. అవి లేకపోతే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని అతికించడం తప్ప ఏమీ చేయలేరు, అది చూస్తే ప్రయాణికులకు ఇంకా మండుతుంది.

తొందర నిజంగా అవసరమైన చోటు ఒకటుంది. కంపెనీ పేరుతో నకిలీ కస్టమర్ కేర్ ఖాతాలు తెరిచి, ఫిర్యాదు పెట్టినవాళ్ల కింద "ఈ నంబరుకు కాల్ చేయండి, రీఫండ్ పంపుతాం" అని రాసే మోసగాళ్లుంటారు. వాళ్లు కూడా రియల్ టైమ్‌లోనే కాచుకుని కూర్చుంటారు. మీ జవాబు వాళ్లకంటే ముందు పడాలి. పీఎన్‌ఆర్, ఫోన్ నంబరు బహిరంగంగా పెట్టొద్దని మొదటి జవాబులోనే చెప్పి డీఎమ్‌లోకి (ప్రైవేట్ మెసేజ్‌లోకి) పిలవండి. అప్పటికే డబ్బు పోయుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయమనండి.

క్యూ_మేస్త్రి

కట్టే పద్ధతి చెబుతాను. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో మీ సొంత బిజినెస్ పేజీ మీద వచ్చే కామెంట్లు వెబ్‌హుక్ (కొత్తది పడగానే ప్లాట్‌ఫామే మీ సర్వర్‌కు పంపే సందేశం) ద్వారా వాటంతటవే వస్తాయి. వెబ్‌హుక్ రాగానే 200 కోడ్ ("అందింది" అనే జవాబు) తిరిగిచ్చి, పోస్టును క్యూలో పడేయండి. విశ్లేషణ అంతా తర్వాత. అక్కడే మోడల్ నడిపిస్తే జవాబు ఆలస్యమై, అదే సందేశం మళ్లీ మళ్లీ వస్తుంది. అందుకే పోస్టు ఐడీతో డూప్లికేట్లు తీసేయడం తప్పనిసరి.

ఎక్స్‌లో కోటాతో చిక్కు. నెలకు 10,000 పోస్టులే చదవాలని హద్దు పెట్టుకుంటే రోజుకు 333. కంపెనీ పేరు దేవుడి పేరైతే (మన ట్రావెల్స్‌లో సగం అవే) పండగ రోజు గంటలో ఆ కోటా ఖాళీ. పేరు పక్కన బస్సు, ట్రావెల్స్, టికెట్ లాంటి మాట ఉండాలని షరతు పెట్టండి, రీట్వీట్లు మినహాయించండి, చివరిసారి చూసిన ఐడీ తర్వాతివే అడగండి. ఐదు నిమిషాలకోసారి అడిగితే చాలు.

ఇక ప్రస్తావనలు ఒక్కసారిగా పెరిగితే మోగే అలారం. "మామూలుకు మూడింతలైతే మోగించు" అన్నది చిన్న సంఖ్యల్లో పనికిరాదు. గంటకు సగటు 2 ఉన్నచోట, ఏ గొడవా లేకపోయినా, కేవలం యాదృచ్ఛికంగానే 6 లేదా అంతకుమించి రావడానికి 1.7 శాతం అవకాశముంది. నెలకు 720 గంటలు, అంటే 12 తప్పుడు అలారాలు. రెండో వారానికల్లా ఎవరూ పట్టించుకోరు. హద్దు 8కి జరిపితే నెలకు ఒకటి కూడా రాదు. పోస్టుల్ని కాకుండా వేర్వేరు ఖాతాల్ని లెక్కపెట్టండి, ఒకే కోపిష్టి పది పోస్టులు పెట్టొచ్చు. సగటు కూడా రోజంతటికీ ఒకటే తీసుకోకూడదు. ఆదివారం రాత్రి రద్దీని గత నాలుగు ఆదివారాల అదే గంటతో పోల్చాలి. సంక్రాంతి వారానికి మాత్రం ఏ సగటూ పనిచేయదు, ఆ పది రోజులూ మనిషే చూడాలి.

కృష్ణలంక_కోడర్

చాలా ఉపయోగం క్యూ_మేస్త్రి గారూ. మా పోస్టుల్లో సగానికి పైగా ఇంగ్లీషు అక్షరాల్లో రాసే తెలుగే. దాన్నెలా పట్టుకోవాలి?

క్యూ_మేస్త్రి

భాషను గుర్తించే టూల్స్ దాన్ని ఏదో ఒక వేరే భాష కింద వేసేస్తాయండి. కాబట్టి "తెలుగు మాత్రమే" అనే ఫిల్టర్ పెట్టకండి. మీ పాత ఫిర్యాదుల్లోంచి వెయ్యి తీసి చేత్తో లేబుల్ చేయించండి: ఆలస్యం, ఏసీ, డ్రైవర్ ప్రవర్తన, రీఫండ్, భద్రత, ఇతరం. ఒక్కో మాటకు నాలుగైదు స్పెల్లింగులుంటాయి కాబట్టి పూర్తి మాటలతో కాక అక్షర గుంపులతో శిక్షణ ఇస్తే చిన్న మోడలైనా బాగా పనిచేస్తుంది. "సూపర్ సర్వీస్, మూడు గంటలు లేటు" లాంటి వెటకారాన్ని మెషీన్ పొగడ్త అనుకుంటుంది. అందుకే మంచీ చెడూ స్కోరును నమ్మి వరుస పెట్టొద్దు. భద్రత అని పడ్డది ఏదైనా, స్కోరెంతైనా, నేరుగా మనిషి ఫోనుకు వెళ్లాలి.

తెరిచిన_తలుపు

భవిష్యత్తు గురించి అడిగారు. 2021లో ట్విట్టర్ ఆదాయం సుమారు 508 కోట్ల డాలర్లు. అందులో డేటా లైసెన్సింగ్, ఇతరాలు కలిపి 57 కోట్లే, మిగతాదంతా ప్రకటనలు. 2023 ఫిబ్రవరిలో ఉచిత ఏపీఐ ఆపేస్తామని ప్రకటించారు. ఆ తర్వాత 10,000 పోస్టులకు నెలకు 100 డాలర్లు, పది లక్షలకు 5,000 డాలర్లు అని ప్లాన్లు వచ్చాయి. 2024లో ఆ 100 కాస్తా 200 అయింది. రెడ్డిట్ కూడా 2024లో షేర్ మార్కెట్‌కు వస్తూ, 20.3 కోట్ల డాలర్ల డేటా ఒప్పందాలు చేతిలో ఉన్నాయని చూపింది. ఏఐ కంపెనీలు కొనేవాళ్లుగా ఉన్నంతకాలం ఈ కుళాయి చవకగా తెరుచుకోదని నా గట్టి అభిప్రాయం.

ఎక్స్ లాంటి మరో సోషల్ నెట్‌వర్క్ బ్లూస్కై మాత్రం మొత్తం ప్రవాహాన్ని తెరిచే ఉంచింది. ఆ ప్రవాహాన్ని అందించే జెట్‌స్ట్రీమ్ సేవకు వెబ్‌సాకెట్‌తో (ఎప్పుడూ తెరిచి ఉండే కనెక్షన్‌తో) కలిస్తే లాగిన్ లేకుండానే, ప్రోగ్రాములు సులువుగా చదివే జేసన్ రూపంలో పోస్టులు వస్తాయి. మీ ప్రయాణికులు అక్కడ దాదాపు ఉండరు, కానీ క్యూ ఎంత బరువు మోస్తుందో పరీక్షించడానికి అంతకంటే మంచి చోటు లేదు.

కాబట్టి ప్రతి ప్లాట్‌ఫామ్‌కూ కనెక్టర్ (అక్కడి పోస్టులు తెచ్చే కోడ్) విడిగా రాయండి. లోపలికొచ్చాక అన్నీ ఒకే రూపంలో ఉండాలి: ఎక్కడిది, ఐడీ, సమయం, పాఠ్యం, ఎవరు చూశారు, ఏం చేశారు. ఒకటి మూతపడితే ఆ ఒక్క ముక్కే పోతుంది. రాసినవాళ్లు తీసేసిన పోస్టును మీ డేటాబేస్‌లోంచీ తీసేయాలి, ఆ పని మొదట్నుంచే కోడ్‌లో ఉండాలి.

అసలు డబ్బు వాట్సాప్ మీద పెట్టమంటాను. టికెట్ మెసేజ్‌లోనే ఫిర్యాదు బటన్ ఇవ్వండి. ప్రయాణికుడు చివరిసారి రాసినప్పట్నుంచి 24 గంటల వరకు మీరు మామూలు మాటల్లో జవాబివ్వొచ్చు, ఆ తర్వాతైతే ముందే ఆమోదం పొందిన టెంప్లేటే పంపాలి. రాత్రి షిఫ్టు మనిషి స్క్రీన్ మీద ఆ గడువు గడియారం పెద్దగా కనబడాలి.