గోడౌన్ లోపల ప్యానెళ్ల ఆఫీసు: 50 మి.మీ. పఫ్ చాలా, 75 మి.మీ. రాక్‌వూల్ కావాలా?

కొత్తషెడ్డు:
గోడౌన్ లోపల డిస్పాచ్ కోసం 20 × 12 అడుగుల ఆఫీసు వేయాలి. ఎత్తు 9 అడుగులు, కూర్చునేది నలుగురు. పొడుగు గోడ వెంబడి ఫోర్క్‌లిఫ్ట్ దారి, కాస్త అవతల ఒక ప్రెస్సు. ర్యాకులు మారితే విప్పి జరపాలి కాబట్టి ఇటుక గోడ వద్దు. ఒకరు 50 మి.మీ. పఫ్ (పాలీయురిథేన్ నురుగు నింపిన ప్యానెల్) అంటున్నారు, ఇంకొకరు 75 మి.మీ. రాక్‌వూల్ (రాతి నారల దూది నింపింది) అంటున్నారు. మోత తగ్గాలంటే ఏది? ఎన్ని ప్యానెళ్లు పడతాయి? పైకప్పు మీద పాత ఫైళ్ల పెట్టెలు పెట్టుకోవచ్చా?

తూకంగుండు:
రాక్‌వూలే తీసుకోండి. పఫ్ చల్లదనాన్ని బాగా నిలుపుతుంది గానీ తేలిక, అందుకే మోతను ఆపలేదు. పైగా ఆ నురుగు మండుతుంది, రాక్‌వూల్ మండదు.

లెక్క: చుట్టూ 64 అడుగులు, ప్యానెల్ వెడల్పు 4 అడుగులైతే 16 గళ్లు (ఒక్కో ప్యానెల్ పట్టే చోట్లు). తలుపుకి 1, కిటికీలకి 4 పోతే నిండు ప్యానెళ్లు 11. మూల పోస్టులు 4, మధ్య పోస్టులు 12. పోస్టు మందం ప్యానెల్ వెడల్పులో కలిసిందో లేదో ముందే అడగండి. కలవకపోతే బయటి కొలత కొన్ని అంగుళాలు పెరిగి ఫోర్క్‌లిఫ్ట్ దారిలోకి వస్తుంది.

ఫ్లోరు చూడ్డానికి సమంగానే ఉంటుంది, లేజర్ పెడితే తేడా బయటపడుతుంది. అన్నిటికంటే ఎత్తైన చోటు పట్టుకుని అక్కడి నుంచి కింది ట్రాకు (ప్యానెళ్లు కూర్చునే లోహపు పట్టీ) లెవెల్ చేయండి, పల్లం ఉన్నచోట ప్రతి పోస్టు కింద షిమ్ములు (ఎత్తు సరిచేసే పలుచని బిళ్లలు) పెట్టండి. ఇది వదిలేస్తే తలుపు రాసుకుంటుంది, పై ట్రాకు కూర్చోదు. మూలమట్టానికి రెండు కర్ణాలూ కొలవండి, రెండూ సుమారు 23 అడుగుల 4 అంగుళాలు రావాలి. నిలబెట్టడం మూల నుంచే మొదలుపెట్టాలి: ఎల్ ఆకారంలో రెండు గోడలు లేస్తే అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పైకప్పు కూర్చునేదాకా స్క్రూలు పూర్తిగా బిగించొద్దు. యాంకర్లు 2 అడుగులకొకటి, స్లాబు జాయింటుకి దగ్గరగా కొట్టొద్దు. డ్రిల్లు పెట్టే ముందు స్లాబులో పైపులు, కేబుళ్లు, పోస్ట్‌టెన్షన్ తీగలు (కాంక్రీటులో బిగలాగి ఉంచిన స్టీలు తీగలు) ఉన్నాయేమో డ్రాయింగులో చూడండి.

మోత విషయంలో మందం కంటే సందే ముఖ్యం. 20 × 9 గోడలో 3 అడుగుల తలుపు కింద ముప్పావు అంగుళం వదిలితే ఆ సందు గోడలో వెయ్యో వంతే. కానీ దానితోనే, ఎంత మంచి ప్యానెల్ వేసినా, ఆ గోడ 30 డెసిబెల్స్ దాటి ఆపలేదు. ట్రాకు కింద రెండు వరసల సీలెంట్, తలుపుకి డ్రాప్ సీల్ (తలుపు మూయగానే కిందికి దిగి సందు మూసే పట్టీ) వేయించండి. ప్రెస్సు అదురు నేల గుండా వస్తుంది కాబట్టి ట్రాకు కింద నియోప్రీన్ (ఒక రకం రబ్బరు) పట్టీ కూడా పెట్టాలి.

పైపులైను:
గోడల సంగతి పైన చెప్పేశారు. నా లెక్కలో మీకు తలనొప్పి తెచ్చేది పైకప్పే.

గోడౌన్‌లో స్ప్రింక్లర్లు (మంట లేస్తే పైనుంచి నీళ్లు చల్లేవి) ఉంటే ఈ కప్పు వాటి నీళ్లకి గొడుగు పట్టినట్టే. ఎన్‌ఎఫ్‌పీఏ 13 (స్ప్రింక్లర్లకి అమెరికా ప్రమాణం) ప్రకారం 4 అడుగుల వెడల్పు దాటిన అడ్డంకి కింద విడిగా స్ప్రింక్లర్లు ఉండాలి, మీది 12 అడుగులు. పాత లైను నుంచి కొమ్మ తీసే ముందు ప్రెజర్ లెక్క మళ్లీ చేయించాలి. స్మోక్ డిటెక్టర్‌ని గోడౌన్ అలారం ప్యానెల్‌కే కలపండి. చాలామంది దీన్ని ఆఫీసు లేచాక గుర్తు తెచ్చుకుంటారు, అప్పుడు సీలింగ్ విప్పాల్సిందే.

పెట్టెలు వద్దు. నిండు ఫైళ్ల పెట్టె 14 కిలోల దాకా తూగుతుంది. నాలుగేసి పేరిస్తే చదరపు అడుగుకి 45 కిలోలు. మామూలు కప్పు తన బరువు, లైట్లు, సీలింగ్ పలకలు మోయడానికే. నిల్వ కావాలంటే ఆ బరువుకి డిజైన్ చేసిన డెక్కు, బేస్‌ప్లేట్లున్న స్టీలు స్తంభాలు వేరే కావాలి.

ఏసీ బయటి యూనిట్ గోడౌన్ లోపలే పెడితే ఆ వేడి అక్కడే తిరుగుతుంది. గోడౌన్ గోడ అవతల పెట్టించండి. కప్పు మీద కూడా 50 మి.మీ. రాక్‌వూల్ పరవాలి, లేకపోతే గోడలకి పెట్టిన ఖర్చు దండగ. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది. మనిషికి సెకనుకి 8–10 లీటర్ల తాజా గాలి బయటి నుంచి డక్టుతో తేవాలి. డీజిల్ బండ్లు తిరిగే దారి నుంచి లాగితే పొగ లోపలికి వస్తుంది.

కొత్తషెడ్డు:
ధన్యవాదాలు, పెట్టెల ఆలోచన మానేశాం. తలుపు మాత్రం ఫోర్క్‌లిఫ్ట్ దారి వైపే పెట్టక తప్పదు.

తూకంగుండు:
అలాగైతే తలుపుని ఒక గడి లోపలికి జరిపి గూడులా చేయండి, రెక్క తెరిచినా దారిలోకి రాదు. గూడు రెండు పక్కలకీ రెండు ప్యానెళ్లు, అదనపు మూల పోస్టులు పడతాయి. ఆ లెక్క ఇప్పుడే ఆర్డర్‌లో కలపండి. గోడకి అడుగు దూరంలో గార్డ్‌రెయిల్ వేయండి. దాన్ని ప్యానెల్‌కి కాకుండా నేలకే బిగించాలి, లేదంటే దెబ్బ నేరుగా గోడకే తగులుతుంది.