నెలాఖరు లెక్కలో 1,900 తేడా ఎక్కడిది?

కొత్త కొట్టు, తుని దగ్గర

అందరికీ నమస్కారం. నెల క్రితం మా వీధిలోనే చిన్న కిరాణా కొట్టు పెట్టాను. ఇంటర్‌లో సీఈసీ చదివాను కాబట్టి లెక్కలు నేనే రాసుకుంటున్నాను. సొంత డబ్బు లక్ష, డ్వాక్రా లోన్ 50,000. అందులో 28,000 పెట్టి ఫ్రిజ్ కొన్నాను. లక్ష రూపాయల సరుకు తెచ్చాను. 60,000 నగదు ఇచ్చాను, 40,000 హోల్‌సేల్ షాపులో బాకీ. 30,000కి కొన్న సరుకు 34,500కి అమ్మాను, అందులో 10,000 అరువు. అద్దె, కరెంటు కలిపి 4,500 కట్టాను.

నిన్న రాత్రి కొట్టు కట్టేశాక అరలన్నీ దించి లెక్కపెట్టాను. సరుకు 68,600, చేతిలో నగదు 81,500, రావలసిన అరువు 10,000, ఫ్రిజ్ 28,000. మొత్తం 1,88,100. అటువైపు అప్పులు 90,000, నా పెట్టుబడి లక్ష. అంటే 1,90,000. రెండు వైపులూ సమానంగా రావాలి కదా, ఎన్నిసార్లు కూడినా 1,900 తేడా వస్తోంది. కొట్లో సాయానికి ఒక కుర్రాడు ఉన్నాడు. మనసు ఎటెటో పోతోంది, టెన్షన్‌గా ఉంది. ఫ్రిజ్‌ని ఖర్చులో రాయకపోవడం తప్పా?

పాత గుమాస్తా

అమ్మా, ఫ్రిజ్ దగ్గర తప్పేమీ లేదు. నగదుగా ఉన్న ఆస్తి ఫ్రిజ్‌గా మారిందంతే. తరుగుదల, అంటే వాడేకొద్దీ ఫ్రిజ్ విలువ తగ్గడం, ఆ సంగతి ఏడాది చివర చూసుకోవచ్చు. అప్పు మీద సరుకు తెచ్చినప్పుడు ఇటు సరుకు, అటు బాకీ రెండూ 40,000 పెరిగాయి. అమ్మకంలో వచ్చిన 4,500 లాభం మీ పెట్టుబడిలో కలిసింది, అద్దె, కరెంటు దాన్ని తినేశాయి. అందుకే లక్ష లక్షలాగే ఉంది. ఇంతవరకూ సరిగ్గా రాశారు.

ఒక్కటి చెప్పండి. ఈ నెల మీ ఇంట్లోకి బియ్యం ఎక్కడ కొన్నారు?

కొత్త కొట్టు

కొనలేదండీ. కొట్లోంచే 26 కిలోల బస్తా తీసుకెళ్ళాం. కొన్న ధర 1,400. మన కొట్టే కదా, ఎవరికి అమ్మినట్టు రాయాలో తెలియక వదిలేశాను.

అయ్యో, ఇంకోటి. బాబు నోటుపుస్తకాలకి గల్లాపెట్టెలోంచి 500 తీశాను. సరిగ్గా 1,900!

పాత గుమాస్తా

అదేనమ్మా. వాటిని సొంతవాడకాలు అంటారు. లెక్కల్లో కొట్టు వేరు, మీరు వేరు. మీరు పెట్టిన లక్ష, కొట్టు మీకు పడ్డ బాకీ. బియ్యం, ఆ 500 తీసుకున్నప్పుడు ఆ బాకీలో 1,900 వెనక్కి తీసుకున్నట్టు. మూలధనం, అంటే మీ పెట్టుబడి, 98,100, అప్పులు 90,000, కలిపితే 1,88,100. ఖర్చు కింద మాత్రం రాయకండి, పాపం కొట్టుకి నష్టం వచ్చినట్టు కనిపిస్తుంది. అమ్మకం కూడా కాదు, కొన్న ధరకే తగ్గించాలి.

34 ఏళ్ళు కిరాణా హోల్‌సేల్‌లో చిట్టా (రోజువారీ పద్దు), ఆవర్జా (ఖాతాల పుస్తకం) రాశాను. మా షావుకారు గారు ఇంటికి అరకిలో చింతపండు పంపినా ముందు నాకు చెప్పి రాయించేవారు. సంక్రాంతి నెలలో ఆ పేజీ నిండిపోయేది.

టైలరింగ్ అక్క

చెల్లీ, లోన్ వాయిదా దగ్గర కూడా జాగ్రత్త. నేను మొదట్లో వాయిదా మొత్తం ఖర్చు కింద రాసి, షాపు మునిగిపోతోందని ఏడ్చాను. 5,500 కట్టి అందులో వడ్డీ 500 అనుకో. 5,000 అప్పులోంచి తగ్గాలి, వడ్డీ ఒక్కటే ఖర్చు.

కొత్త కొట్టు

నా మొదటి వాయిదా వచ్చే వారమే అక్కా, అలాగే రాస్తాను. పుస్తకంలో "ఇంటికి" అని వేరే పేజీ పెట్టాను. బియ్యం 1,400, నోటుపుస్తకాలు 500 ఎక్కించాను. పొద్దున్నే కుర్రాడిని నిలదీద్దామనుకున్నాను. వాడిని అడగకముందే ఇక్కడ అడిగాను, ఎంత మేలు జరిగిందో!