సింగం బాకటితో… ‘చేట్పాటు’ దగ్గర ఆగిపోయాను

పెన్నగట్టు:
భారతం విరాటపర్వంలో, అర్జునుడు ఆకలిగొన్న సింహంలా కౌరవసేన మీదికి వచ్చే తిక్కన గారి పద్యంలో పాదం ఒకటి నాలుక మీద ఆడుతోంది, మధ్యలో ఒక్క అక్షరం తేలడం లేదు. “సింగం బాకటితో గుహాంతరమునం జే…పాటుమై నుండి”. అది ‘ట్’ నా, ‘డ్’ నా? మా నాయన చేడ్పాటు అనే చదివేవాడు. అర్థం కూడా కావాలి: నీరసించి పడి ఉండడమా, పొంచి ఉండడమా? నెల్లూరులో మా డిగ్రీ పిల్లలకి ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల్లో జన్యు వ్యక్తీకరణ, అంటే ఏ జన్యువు ఎంత పలుకుతుందో (పనిచేస్తుందో), ఎలా మారుతుందో చెప్పాలి. మగ హార్మోను అందకుండా చేస్తే ఆ కణితి కుంచించుకుపోతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు, 1966లో నోబెల్ వచ్చింది. కానీ చాలామందిలో కొంతకాలానికి జబ్బు మళ్లీ లేస్తుంది. ఆ నడిమి కాలానికి ఈ పాదం సరిపోతుందని నా పట్టుదల.

కందుకూరు అయ్యోరు:
చేట్పాటే. శార్దూలంలో యతి ‘జే’ మీద పడింది, ‘సిం’తో కుదిరింది. పక్కన ట్ ఉన్నా డ్ ఉన్నా గణం మారదు కాబట్టి ఛందస్సు మనకి తీర్పు చెప్పదమ్మా. నా మటుకు అర్థం కృశించడమే. ముందు ‘ఆకటితో’ అన్నాడు కదా, ఆకలికి ఫలితం నీరసం.

ఉదయగిరి కొండ:
ఒప్పుకోను మాస్టారూ. నీరసించిన సింహం ఏనుగుల మందను చూసి ‘సముద్యత్క్రోధమై’, ఉవ్వెత్తున లేచిన కోపంతో, ఎట్లా వస్తుంది? చేష్ట లేకుండా పడి ఉంది, అంతే. బలం ఎక్కడికీ పోలేదు. అసలు కిటుకు ‘వచ్చు నోజం’లో ఉంది. దాన్ని ఓజస్సు అని చదివేవాళ్లని చూశాను. అది ‘ఓజన్’, అంటే విధంగా. రెండో పాదం చివర ‘నో’, మూడో పాదం మొదట ‘జం’. ఒక ఉపమావాచకాన్ని పాదం విరుపు మీద నిలబెట్టి, సింహాన్ని అటు, అర్జునుణ్ణి ఇటు పెట్టాడు. తిక్కన తప్ప ఇంకెవరు చేస్తారు?

పెన్నగట్టు:
కొండన్నా, ఓజన్ సంగతి తరవాత. మీ ఇద్దరి అర్థాల్లో కణం ఏ పక్షమో చూడండి. మగ హార్మోను టెస్టోస్టిరాన్ వచ్చి, దాన్ని పట్టుకునే ప్రోటీన్ ఆండ్రోజన్ రిసెప్టర్‌కి తగులుకుంటే, ఆ రిసెప్టర్ కేంద్రకంలోకి పోయి డీఎన్‌ఏ మీద కూర్చుంటుంది, కొన్ని జన్యువుల్ని నడిపిస్తుంది. రక్తంలో మనం కొలిపించుకునే పీఎస్‌ఏ అనే ప్రొస్టేట్ ప్రోటీన్ అట్లా పుట్టేదే, దాని జన్యువు కేఎల్‌కే3. హార్మోను ఆపితే కేఎల్‌కే3 పలకడం తగ్గుతుంది, పీఎస్‌ఏ పడిపోతుంది. బయటినుంచి చూస్తే అయ్యోరు చెప్పిన నీరసమే. లోపల జరిగేది వేరు. 2004లో ఎలుకల్లో పెంచిన మానవ కణితుల్ని, హార్మోను ఆపే వైద్యానికి లొంగినవీ లొంగనివీ జతలుగా పెట్టి, వేల జన్యువుల పలుకు పోల్చారు. అన్ని జతల్లోనూ తప్పకుండా కనిపించిన మార్పు ఒక్కటే: ఆండ్రోజన్ రిసెప్టర్ ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి రాసుకునే నకలు) పెరగడం. అదీ కొద్దిగానే. దొరికే నాలుగు చుక్కల హార్మోను కోసం కణం నోళ్లు పెంచుకుంటోంది. దీన్ని నీరసం అనాలా, పొంచడం అనాలా?

అద్దంకి వాసి:
ఎంతసేపూ నెల్లూరు తిక్కనేనా? ఎంఆర్‌ఎన్‌ఏ పెరగడానికి మాట కావాలంటే మా ఎర్రన దగ్గరికి రండి. నన్నయ భారతాన్ని శారదరాత్రుల పద్యం దగ్గర ఆపేస్తే, ఈయన అందుకున్న మొదటి పద్యమే “స్ఫురదరుణాంశురాగరుచిఁ బొంపిరివోయి”. పొంపిరివోవడం! పొంగి, పెచ్చుపెరిగి, నిండిపోవడం. జన్యువు అతిగా పలికితే అది పొంపిరివోయింది అనండి, ‘అధిక వ్యక్తీకరణ’ అని పిల్లల్ని బాధించొద్దు.

కందుకూరు అయ్యోరు:
ఎర్రన పొంపిరి శరత్కాలపు వేకువకి అబ్బయ్యా, అందులో సంతోషం ఉంది. జబ్బుకి అంటగట్టడం నాకు నచ్చలేదు.

గూడూరు చెల్లి:
ఎవరూ అనని మాట ఒకటి. తిక్కన పద్యంలో వస్తున్నది ఎవరు? ఏడాది పాటు పేడి రూపంలో బృహన్నలగా ఉన్నవాడు. వైద్యులు ఈ దశకి పెట్టిన పేరేమో ‘క్యాస్ట్రేషన్‌కి లొంగని’ క్యాన్సర్. పురుష లక్షణం తీసేశామని లోకం అనుకున్నా, గాండీవం జమ్మిచెట్టు మీద ఉండనే ఉంది. అక్కా, ఆండ్రోజన్ రిసెప్టర్‌కి ఏఆర్-వీ7 అనే ఇంకో రూపం ఉంది, అది కూడా చెప్పు. రిసెప్టర్ ఎంఆర్‌ఎన్‌ఏ వేరే తీరుగా అతుక్కుని, హార్మోను తగిలే భాగమే లేని ప్రోటీన్ తయారవుతుంది. హార్మోనుతో పనే లేకుండా జన్యువుల్ని నడుపుతుంది. దానికి ఆకలి కూడా లేదు, మరి ‘ఆకటితో’ ఎట్లా చెల్లుతుంది?

ఉదయగిరి కొండ:
బృహన్నల మాట బాగుందమ్మా, కానీ సింహం ఉపమానం అడవిలో పడ్డ కష్టానికి. ‘కాంతారనివాస ఖిన్నమతి’ అని ఆయనే అన్నాడు.

గూడూరు చెల్లి:
ఖిన్నత అడవిది కావచ్చన్నా. గుహ మాత్రం విరాటుడి కొలువే, అంతవరకు దాక్కున్నది అక్కడేగా.

పెన్నగట్టు:
ఏఆర్-వీ7కి ఇంకో పద్యం వెతకాలి చెల్లీ, అది ఈ సింహం కాదు. టీఎంపీఆర్ఎస్ఎస్2 అనే జన్యువు ముందు ముక్క ఈఆర్‌జీ అనే ఇంకో జన్యువుకి అతుక్కోవడం కూడా చెప్పాల్సి ఉంది, 2005లో బయటపడింది. హార్మోను మాట వినే మీట పోయి వేరే జన్యువుకి తగులుకోవడం అది. అయ్యోరూ, పాత అచ్చుల్లో ‘డ్’ ఎక్కడైనా కనపడిందా? మా నాయన ఊరికే అనడు.

కందుకూరు అయ్యోరు:
నా దగ్గరున్న ప్రతిలో ట్ స్పష్టంగా ఉంది. మీ నాయన ఎవరి దగ్గర చదువుకున్నారో చెప్పమ్మా, పాఠం అక్కణ్ణుంచి పట్టుకుందాం.