దసరా మర్నాడు గుండె దడ: ఎప్పుడో ఒకసారి తాగేవారికీ వస్తుందా?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
మా బావగారి వయసు 38. బీపీ, షుగర్ లేవు; తాగడమూ పండుగలకే. మొన్న దసరా నాడు మధ్యాహ్నం మటన్ భోజనంతో మొదలుపెట్టి రాత్రి పొద్దుపోయేదాకా తాగారు. తెల్లవారుజామున గుండె దడదడలాడుతుంటే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నారు గాని, నాలుగడుగులు వేస్తే ఆయాసం రావడంతో ఆసుపత్రికి తీసుకువెళ్లాం. ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి వణకడం) అని తేలింది. మందులిచ్చాక సాయంత్రానికి గుండె లయ కుదుటపడింది. రోజూ తాగేవారికే ఇలాంటివి వస్తాయని, తనకు నిద్ర చాలక వచ్చిందని ఆయన వాదన. సంక్రాంతికి బీరుతో సరిపెట్టుకుంటానని కూడా అంటున్నారు. ఇందులో నిజమెంత?

జవాబు (జనరల్ మెడిసిన్ వైద్యుడు):
దీనిని వైద్యులు హాలిడే హార్ట్ అంటారు. 1978లో అమెరికాలో ఎటింగర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు వారాంతాలు, సెలవుల తరువాత గుండె లయ తప్పి ఆసుపత్రిలో చేరినవారిని పరిశీలించి ఆ పేరు పెట్టారు. నాటి రోగులు బాగా తాగే అలవాటున్నవారే. అయితే అప్పుడప్పుడు తాగేవారికి కూడా ఇది వస్తుందని తరువాత తెలిసింది కనుక, మీ బావగారి వాదన నిలవదు. మద్యం, అది శరీరంలో విరిగినప్పుడు ఏర్పడే ఎసిటాల్డిహైడ్, వీటితోపాటు పెరిగే అడ్రినలిన్ కలిసి గుండె పై గదుల్లోని విద్యుత్ ప్రసారాన్ని చెదరగొడతాయి. అప్పుడు ఆ గదులు క్రమంగా ముడుచుకోవడం మాని వణుకుతాయి. పదేపదే మూత్రం పోయి ఒంట్లో నీరు తగ్గడం, ఆయన చెప్పిన నిద్రలేమి కూడా దీనికి తోడవుతాయి. నిద్ర చాలలేదన్నది అబద్ధం కాదు గాని, ఆ నిద్ర చెడింది దేనివల్లనో కూడా ఆలోచించాలి కదా!

జవాబు (మ్యూనిక్‌లో ఉద్యోగం):
ఇక్కడ ఏటా జరిగే బీరు పండుగ అక్టోబర్‌ఫెస్ట్‌లో 2015లో మూడు వేల మందికి పైగా సందర్శకులకు ఫోనుకు అమర్చే పరికరంతో ఈసీజీ తీశారు. దాదాపు 30 శాతం మందిలో లయలో తేడాలు కనిపించాయి. అందులో ఎక్కువ భాగం గుండె వేగం పెరగడమే తప్ప, ఫిబ్రిలేషన్ కాదు. అక్కడ తాగినది బీరేనని మీ బావగారికి చెప్పండి.

జవాబు (జనరల్ మెడిసిన్ వైద్యుడు):
బీరు విషయంలో లెక్క వేసి చూడండి. ఎనిమిది శాతం ఆల్కహాల్ ఉన్న 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో 52 మి.లీ. ఆల్కహాల్ ఉంటుంది, 60 మి.లీ. విస్కీ పెగ్గులు రెండింటిలో ఉండేదీ ఇంచుమించు అంతే.

ఆసుపత్రిలో చేయకపోయి ఉంటే థైరాయిడ్ పరీక్ష, ఎకో (గుండె స్కానింగ్) తప్పక చేయించండి. మద్యం మీద నెట్టేసి అసలు కారణాన్ని వదిలేయడం కూడా తప్పే. మళ్లీ దడ మొదలైతే మాత్రం తగ్గుతుందిలే అని ఇంట్లో ఉండకూడదు. వణికే గదిలో రక్తం నిలిచి గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఎప్పుడు మొదలైందో గడియారం చూసి రాసుకోండి, ఎందుకంటే 48 గంటలు దాటిందా లేదా అన్నదాన్ని బట్టి చికిత్స మారుతుంది. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

సంక్రాంతికి పూర్తిగా మానడమే నా సలహా. ఆస్ట్రేలియాలో ఈ జబ్బున్నవారిపై జరిపి 2020లో ప్రచురించిన పరీక్షలో, మద్యం మానినవారికి అది తిరగబెట్టడం తగ్గింది.