అప్‌డేట్: ఆ నొప్పి గ్యాస్ కాదు, అపెండిక్స్

కుడివైపు పొత్తికడుపులో నొప్పి వచ్చిపోతోంది, స్కానింగ్‌లో ఏమీ లేదంటున్నారు, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. కావలిలో చూసినవాళ్లంతా గ్యాస్ మాత్రలే రాశారు. సీటీ స్కాన్ తీయించుకోమని జవాబిచ్చిన అక్కకు దండాలు.

నెల్లూరులో కాంట్రాస్ట్ సీటీ (లోపలి భాగాలు స్పష్టంగా కనబడేలా మందు ఇచ్చి తీసే స్కాన్) తీశారు. అపెండిక్స్ పెద్దపేగు వెనక నక్కి ఉందట. అందుకే నొప్పి నడుముకి పాకేది, అల్ట్రాసౌండ్‌కి అది చిక్కలేదు. లోపల గట్టిపడిన మలం ముక్క అడ్డుపడి, వాపు వస్తూ తగ్గుతూ ఉందన్నారు. లాప్రోస్కోపీలో తీసేశారు. బొడ్డు దగ్గర ఒకటి, కింద రెండు చిన్న గాట్లు, అంతే.

మత్తు దిగాక గాట్లకన్నా భుజం నొప్పే ఏడిపించింది. ఆపరేషన్‌కి పొట్టలోకి ఎక్కించే గ్యాస్ వల్లట. ఇన్నాళ్లకు నిజంగానే గ్యాస్ నొప్పి!

బయాప్సీలో భయపడాల్సిందేమీ లేదు. చేపల పులుసు తినొచ్చని డాక్టరుగారు చెప్పినా, మా అమ్మ ఇంకా ఒప్పుకోవడం లేదు.