కథ ‘అడ్డం’ తిరిగిందా, ‘అడ్డంగా’ తిరిగిందా?

నాగావళి ఒడ్డు: ‘స్టార్ ట్రెక్ డిస్కవరీ’ అనే అంతరిక్ష సీరియల్ మీద నాలుగు ముక్కలు రాస్తున్నాను. 2017లో వచ్చిన మొదటి ఎపిసోడ్‌లోనే హీరోయిన్ మైకేల్ బర్నమ్ తన కెప్టెన్ మెడ నొక్కి స్పృహ తప్పించేస్తుంది కదా, అక్కడ ‘కన్యాశుల్కం’లో గిరీశం ఆఖరి మాట పెడదామని. ‘డామిట్, కథ అడ్డం తిరిగింది’ అనా, ‘అడ్డంగా’ అనా? పుస్తకం చేతిలో లేదు. ఆ ‘గా’ ప్రాణం తీస్తోంది.

గజపతినగరం మాస్టారు: ‘అడ్డంగా’. స్టేజీ మీద వేసేవాళ్లూ, పేపర్ హెడ్డింగులూ ‘గా’ని మింగేశారు. మనిషి అడ్డం తిరుగుతాడు, అంటే ఎదురు తిరుగుతాడు. కథ అడ్డంగా తిరుగుతుంది, అంటే దారి తప్పుతుంది. మీ బర్నమ్ చేసింది మొదటిది, సౌజన్యారావు పంతులు ఇంట గిరీశానికి జరిగింది రెండోది.

కోట జంక్షన్: అంత తేడా వాడుకలో ఎక్కడుందండీ? బండి రోడ్డుకి అడ్డం తిరిగిపోనాదంటారు మా అమ్మమ్మోళ్లు. బండికేటి పౌరుషం?

గజపతినగరం మాస్టారు: బండికి ఎడ్లుంటాయి బాబూ. పౌరుషం వాటిది.

పాలకొండ రోడ్డు: ఆవిణ్ణి అభిమానులు తిట్టేది అడ్డం తిరిగినందుకు కాదు. దానికి రెండో ఎపిసోడ్‌కే యావజ్జీవం పడిపోయింది. ఆ తర్వాత లోకంలో ఏ చిక్కు వచ్చినా విప్పేది ఆవిడే, అదీ గోల. రెండో సీజన్‌లో రెడ్ ఏంజెల్ అనే ఆ వింత ఆకారం ఎవరా అని అందరూ వెతికితే ముందు వాళ్లమ్మ, తర్వాత తనే. పైగా మొదటి స్టార్ ట్రెక్ సీరియల్ నుంచీ ఉన్న స్పాక్‌కి పెంపుడక్కట! 1966 నుంచి అతగాడు ఒక్కసారైనా నోరు జారలేదు.

బొబ్బిలి వీణ: ఆ మొదటి సీరియల్ కెప్టెన్ కర్క్ అన్నీ ఒంటిచేత్తో చక్కబెడితే హీరో, ఈవిడ చేస్తే ఆరిందా. 1995లో ‘వోయేజర్’ సీరియల్‌లో ఆడ కెప్టెన్ జేన్‌వే వస్తే జుట్టు ముడి మీద కూడా పంచాయితీ పెట్టారు. నల్లజాతి ఆడమనిషి ముందు నిలబడితే గిట్టనివాళ్లూ ఉన్నారు, అదీ ఒప్పుకోండి. మగవేషం వేసుకుని వెళ్లి లుబ్ధావధాన్లు కేసు, గిరీశం గుట్టు రెండూ విప్పింది మధురవాణే కదా. మన విజీనారంలో ఒక్కడు నోరెత్తాడా?

పాలకొండ రోడ్డు: మధురవాణి ఎంత ఏలినా రామప్పంతులు వాటా రామప్పంతులుది, మీనాక్షి వాటా మీనాక్షిది. అసిరిగాడిక్కూడా దక్కింది. పూటకూళ్లమ్మ చీపురుకట్ట పట్టుకుని ఇలా వచ్చి అలా వెళితేనే జన్మంతా గుర్తుంటుంది. డిస్కవరీ ఓడని నడిపే గదిలో, అదే బ్రిడ్జి మీద, రోజూ కూర్చునే డెట్మర్, ఓవోసెకున్‌ల గురించి నాలుగు మాటలు చెప్పమనండి, చూద్దాం. ఆవిణ్ణనేం లాభం, రాసినోళ్లననాలి.

నాగావళి ఒడ్డు: బాగుందండీ, మరి నా ‘గా’?

కోట జంక్షన్: అదొగ్గేయండి బావూ. ఆ చీపురు దెబ్బ తిన్నది గిరీశం కాదూ?

గజపతినగరం మాస్టారు: రామప్పంతులు! మంచం కింద దూరింది ఇద్దరూను. నాటకం చదవకుండా ‘గా’ గురించి వాదిస్తున్నారా మీరు?